మళ్లీ బ్లీడ్ అవుతుందా? రక్తపరీక్ష ఎంతవరకు చెప్పగలదు: మెదడు అడుగున పాన్స్ అనే చోట కావర్నోమా (రక్తం కారే నాళాల గుత్తి) ఉన్న ఒక పేషెంట్ కేసు

పేషెంట్ వయసు 29. ఖమ్మం జిల్లాలో ఒక ఊళ్లో ఇంటి దగ్గరే మిషన్ కుడుతుంది. ఆరేళ్ల పాప ఉంది. బీపీ లేదు, షుగర్ లేదు, తలకు ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. ఆమె ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి ఇది రాస్తున్నాను. ఒక రోజు పొద్దున సూదిలో దారం ఎక్కిస్తుంటే సూది రెండుగా కనిపించింది. ఒక కన్ను మూసుకుంటే ఒకటే, రెండూ తెరిస్తే రెండు. సాయంత్రానికి కుడి చెంప మొద్దుబారింది, ఎడమ చెయ్యీ కాలూ తిమ్మిరెక్కాయి, నడుస్తుంటే ఒక పక్కకి లాగేసినట్టయింది.

కళ్లద్దాలు కావాలేమో అనుకుని ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. కుడి కన్ను బయటి వైపుకి తిరగడం లేదని ఆయన గమనించారు. అద్దాలు రాయకుండా ఆ రోజే స్కాన్‌కి పంపారు. ఈ కేసులో మొదటి మంచి నిర్ణయం అదే.

మా దగ్గరికి వచ్చేసరికి బీపీ 124/78. స్పృహ పూర్తిగా ఉంది. కుడి కన్నుని బయటికి తిప్పే ఆరో నరం పనిచేయడం లేదు, కుడి చెంప మీద స్పర్శ సగం తగ్గింది, ఎడమ వైపు ఒంట్లో స్పర్శ కొంచెం తేడాగా ఉంది. ముఖం ఒక వైపు, ఒళ్లు ఇంకో వైపు దెబ్బతింటే సమస్య మెదడుని వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమ్‌లో ఉందని అనుమానించాలి. సీటీలో బ్రెయిన్‌స్టెమ్ మధ్య భాగమైన పాన్స్ దగ్గర చిన్న తెల్లటి మచ్చ కనిపించింది. ఎంఆర్ఐలో 13 మిల్లీమీటర్ల గడ్డ, రేడియాలజిస్టులు పాప్‌కార్న్ అని పిలిచే ఆకారంలో, చుట్టూ నల్లటి అంచుతో కనిపించింది. ఆ నలుపు, పాత రక్తం కరిగి వదిలిన ఇనుము. అంటే ఆమెకి తెలియకుండానే ఇంతకుముందు కూడా కొంచెం కొంచెం కారింది. పక్కనే ఒక డెవలప్‌మెంటల్ వీనస్ అనామలీ, అంటే పుట్టుకతో వచ్చిన పెద్ద సిర ఉంది. చిన్న మచ్చల్ని కూడా పట్టే ఎస్‌డబ్ల్యూఐ సీక్వెన్స్‌లో మెదడంతా వెతికినా ఇంకెక్కడా ఏమీ లేదు.

ఇది కావర్నోమా. కావర్నస్ యాంజియోమా అన్నా, కావర్నస్ మాల్‌ఫార్మేషన్ అన్నా ఇదే. పలచటి గోడలున్న చిన్న రక్తపు గదులు గుత్తిగా ఉంటాయి, వాటిలో రక్తం దాదాపు నిలిచిపోయి ఉంటుంది. దాదాపు 200 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. చాలామందికి జీవితాంతం తెలియదు. కొందరికి వంశపారంపర్యంగా వస్తుంది. కేఆర్ఐటీ1, సీసీఎం2, పీడీసీడీ10 అనే మూడు జన్యువుల్లో ఒకదానిలో లోపం ఉంటుంది, మెదడులో చాలా చోట్ల గడ్డలుంటాయి. ఈమెది అలాంటిది కాదు. ఒకటే గడ్డ, పక్కన సిర ఉంది, ఇంట్లో ఎవరికీ ఫిట్స్ గానీ పక్షవాతం గానీ లేవు. కాబట్టి పాపకి స్కాన్ అవసరం లేదని మొదటి రోజే చెప్పాను. తల్లికి ఆ ఒక్క మాటతో సగం టెన్షన్ తగ్గింది.

ఆపరేషన్ చేద్దామా అంటే, గడ్డకీ, పాన్స్ వెనకుండే నాలుగో వెంట్రికిల్ అనే నీటి గది నేలకీ మధ్య సుమారు మూడు మిల్లీమీటర్ల మంచి కణజాలం ఉంది. ముఖాన్ని కదిలించే నరమూ, కన్నుని పక్కకి తిప్పే నరమూ అక్కడే మొదలవుతాయి. ఆ మూడు మిల్లీమీటర్లు కోసి లోపలికి వెళ్తే రక్తస్రావం చేసిన నష్టం కన్నా మనం చేసే నష్టం ఎక్కువవుతుంది. మా న్యూరోసర్జన్ స్కాన్ చూసి, ఇప్పుడు వద్దన్నారు. 2017లో వచ్చిన నిపుణుల మార్గదర్శకాలు కూడా బ్రెయిన్‌స్టెమ్ కావర్నోమాకి ఆపరేషన్ గురించి సాధారణంగా రెండో బ్లీడ్ తర్వాతే గట్టిగా ఆలోచించమంటాయి. ఆరు వారాల్లో చెంప తిమ్మిరి చాలావరకు పోయింది, డబుల్ విజన్ కుడివైపు చూసినప్పుడు మాత్రం మిగిలింది. మళ్లీ మిషన్ ఎక్కింది.

ఇక అసలు ప్రశ్న అప్పుడు వచ్చింది. ఆమె అన్నయ్య షికాగో దగ్గర్లో ఉద్యోగం చేస్తాడు. వీడియో కాల్‌లో అడిగాడు: "మేడం, ఇక్కడ యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో రక్తపరీక్షతో మళ్లీ బ్లీడ్ అవుతుందో లేదో చెప్పేస్తున్నారంట. చెల్లి శాంపిల్ పంపిస్తే సరిపోతుందా?"

అడగాల్సిన ప్రశ్నే. అతను చదివింది అబద్ధం కాదు. అందుకే కొట్టిపారేయకుండా కూర్చుని వివరంగా మాట్లాడాను. ఆ మాటలే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను, ఇదే ప్రశ్న వేరే కుటుంబాల నుంచీ వస్తోంది కాబట్టి.

రక్తపరీక్ష లేకుండా మనకి ఇప్పటికే తెలిసినవి రెండున్నాయి: ఇంతకుముందు బ్లీడ్ అయిందా, గడ్డ ఎక్కడుంది. 2016లో లాన్సెట్ న్యూరాలజీలో 1,620 మంది పేషెంట్ల వివరాలు కలిపి లెక్కేశారు. బ్రెయిన్‌స్టెమ్‌లో కాకుండా వేరే చోట ఉండి, బ్లీడ్ లక్షణాలు లేకుండా బయటపడిన వాళ్లలో అయిదేళ్లలో బ్లీడ్ అయ్యే అవకాశం 3.8 శాతం. బ్రెయిన్‌స్టెమ్‌లో ఉండి, బ్లీడ్‌తోనో కొత్త నరాల లోపంతోనో బయటపడిన వాళ్లలో 30.8 శాతం. ఈమె ఈ రెండో గుంపులో ఉంది. పైగా ఈ బ్లీడ్‌లు గుంపుగా వస్తాయి. ఒకసారి అయ్యాక మొదటి రెండు మూడేళ్లలో ప్రమాదం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. అంటే ఒక్క చుక్క రక్తం తీయకుండానే ఈమెది హై రిస్క్ అని చెప్పొచ్చు. కానీ అదే గుంపులోని మిగతా 69 శాతం మందికి అయిదేళ్లలో బ్లీడ్ కాదు. ఈమె ఏ వైపు పడుతుందో ఆ లెక్క చెప్పదు. రక్తపరీక్ష చెప్పాల్సింది అదే.

షికాగోలో డాక్టర్ ఇస్సాం అవద్ బృందం దీని మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. వాళ్లు ఊరికే ఏవో ప్రొటీన్లు ఏరుకోలేదు, జబ్బు ఎలా నడుస్తుందో చూసి వాటినే వెతికారు. కావర్నోమాలో రక్తనాళం లోపలి పొర కణాల మధ్య అతుకులు వదులవుతాయి. రక్తం బయటికి కారుతుంది, ఇనుము పేరుకుంటుంది, అక్కడికి రోగనిరోధక కణాలు చేరి వాపు మొదలవుతుంది. 2017లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మార్క్ కాన్ బృందం ఎలుకల్లో ఇంకో విషయం చూపించింది: పేగులోని గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా గోడలో ఉండే పదార్థం రక్తంలోకి వచ్చి, కణాల మీదుండే టీఎల్ఆర్4 అనే గ్రాహకాన్ని తట్టి ఈ గడ్డలు పెరిగేలా చేస్తుంది. ఆ పదార్థాన్ని గ్రాహకానికి అందించే ప్రొటీన్ సీడీ14. పేగుకీ మెదడులోని రక్తనాళానికీ ఇంత దగ్గరి సంబంధం ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇప్పటికీ ఈ జబ్బు గురించి నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఇదే.

2019లో ఆ బృందం ప్రచురించిన పనిలో, వచ్చే ఏడాదిలో బ్లీడ్ అవుతుందా అని ముందే చెప్పడానికి నాలుగు ప్రొటీన్లు కలిపి చూశారు. రక్తంలో తిరిగే సీడీ14, నాళాల గోడలు కారేలా చేసే వీఈజీఎఫ్, వాపుకి సంబంధించిన ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, నాళాల స్థిరత్వానికి సంబంధించిన రోబో4. ఒక్కో దానికి ఒక్కో బరువు ఇచ్చి చివరికి ఒక స్కోరు వచ్చేలా లెక్క కట్టారు. ఆ స్కోరు, తర్వాత బ్లీడ్ అయిన వాళ్లలో 83 శాతం మందిని పట్టింది, బ్లీడ్ అవ్వని వాళ్లలో 93 శాతం మందికి అవ్వదని సరిగ్గా చెప్పింది. ఈ మధ్యకాలంలో బ్లీడ్ అయిందా అని చెప్పడానికి వేరే కలయిక ఉంది: సీడీ14, వీఈజీఎఫ్, ఒంట్లో వాపుని చూపే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-10. అది బ్లీడ్ అయిన వాళ్లలో 76 శాతం మందిని పట్టింది, అవ్వని వాళ్లలో 80 శాతం మందికి అవ్వలేదని సరిగ్గా చెప్పింది.

ఈ రెండు కలయికలూ వేరని గుర్తుపెట్టుకోవాలి. ఈమె కేసులో గందరగోళమంతా అక్కడే వచ్చింది.

మొదటి బ్లీడ్ అయిన నాలుగో నెలలో ఆమెకి చలిజ్వరం, నడుము నొప్పి వచ్చాయి. దగ్గర్లోని ల్యాబ్‌లో ఫీవర్ ప్యానెల్ చేయించారు. రిపోర్టులో సీఆర్‌పీ 64, పక్కన పెద్దక్షరంతో హై అని ముద్ర. అన్నయ్య చదివిన వ్యాసంలో సీఆర్‌పీ పేరు ఉంది. రాత్రికి రాత్రి ఇంట్లో ఏడుపులు, ఫోన్లు, కారు మాట్లాడుకుని తెల్లారేసరికి మా క్యాజువాలిటీలో ఉన్నారు. ఆమె ముఖం చూస్తే జ్వరం కన్నా భయమే ఎక్కువ కనిపించింది.

పరీక్షిస్తే కన్ను, చెంప, నడక అన్నీ పాతలాగే ఉన్నాయి. తలనొప్పి ఉందంది కాబట్టి ఎంఆర్ఐ చేశాం. కొత్త రక్తం లేదు. మూత్రంలో మంట ఉందా అని అడిగితే, వారం నుంచి ఉందని అప్పుడు చెప్పింది. మూత్రం కల్చర్‌లో ఇ.కోలై బాక్టీరియా పెరిగింది. యాంటీబయాటిక్ ఇచ్చాం. రెండు వారాల తర్వాత సీఆర్‌పీ 3.

సీఆర్‌పీ అనేది కాలేయం తయారుచేసే ప్రొటీన్. ఒంట్లో ఎక్కడ వాపున్నా పెరుగుతుంది: పంటి చీము, కీళ్ల జబ్బు, న్యుమోనియా, చివరికి కాలి మీద పుండు. గోళీకాయంత కూడా లేని కావర్నోమా దాన్ని ఏమాత్రం కదిలిస్తుంది? షికాగో వాళ్లు చూసే మార్పులు చాలా చిన్నవి, జ్వరాలేవీ లేనప్పుడు తీసిన శాంపిల్స్‌లో, మిగతా ప్రొటీన్లతో కలిపి చూసేవి. అన్నిటికన్నా ముఖ్యంగా, జరగబోయేది చెప్పే కలయికలో సీఆర్‌పీ లేనే లేదు. ఇది కాగితం మీద రాసి, ఫోటో తీసి అన్నయ్యకి పంపించాను.

శాంపిల్ పంపడం గురించి కూడా చెప్పాలి. ఇంటర్‌ల్యూకిన్ల లాంటివి గది వేడికి చెడిపోతాయి. రక్తం తీసిన కొద్దిసేపట్లోనే ప్లాస్మా వేరుచేసి, మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. కొలిచే కిట్ మారితే అంకె మారుతుంది. ఒక ల్యాబ్ అంకెని ఇంకో ల్యాబ్ ఫార్ములాలో వేసి స్కోరు తీస్తే దానికి అర్థం ఉండదు. ఇది ఇంకా పరిశోధనలోనే ఉన్న పరీక్ష. మన దగ్గర హెల్త్ ప్యాకేజీలో దొరికేది కాదు. ఎవరైనా దొరుకుతుందంటే నమ్మొద్దు.

సరే, రేపు దొరికిందనుకుందాం. పాజిటివ్ వస్తే ఏంటి అర్థం? ఇక్కడ కొంచెం ఓపిగ్గా లెక్క చూడాలి. ఈమె లాంటి 100 మందిని తీసుకుందాం. తొలి ఏడాదిలో 15 మందికి బ్లీడ్ అవుతుందనుకుందాం; ఇది లెక్క కోసం నేను వేసుకున్న అంకె. 83 శాతం పట్టే పరీక్ష ఆ 15 మందిలో 12 మందిని పడుతుంది. బ్లీడ్ కాని 85 మందిలో 7 శాతం, అంటే ఆరుగురికి కూడా పాజిటివ్ అంటుంది. మొత్తం 18 పాజిటివ్‌లలో 12 నిజం. మూడింట రెండు వంతులు నిజమయ్యే మాట అంటే పనికొచ్చే మాటే. నెగెటివ్ వచ్చిన 82 మందిలో ముగ్గురికి బ్లీడ్ అవుతుంది. అదీ కొంత ధైర్యమే.

ఇప్పుడు తలనొప్పికని స్కాన్ చేయిస్తే అనుకోకుండా కావర్నోమా కనిపించిన 1,000 మందిని తీసుకోండి. ఏడాదిలో వీళ్లలో ఎనిమిది మందికి బ్లీడ్ అవుతుందనుకుంటే పరీక్ష ఏడుగురిని పడుతుంది. మిగతా 992 మందిలో 69 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. 76 మంది రాత్రుళ్లు నిద్రపోకుండా గడిపితే అందులో నిజమయ్యేది ఏడుగురికి. పరీక్ష అదే, శాతాలు అవే. ఎవరికి చేశామన్నది మారింది, అంతే. అందుకే అనుకోకుండా కావర్నోమా బయటపడిన వాళ్లకి ఈ పరీక్ష వచ్చినా నేను రాయను. ఇంకో మాట. 83, 93 అనేవి కొద్దిమందిలో, ఈ జబ్బే ప్రత్యేకంగా చూసే ఒక సెంటర్ నుంచి వచ్చిన అంకెలు. ఎక్కువమందిలో, వేరే చోట్ల చేస్తే ఇలాంటి అంకెలు సాధారణంగా కిందికే దిగుతాయి.

విటమిన్ డి కూడా ఇంట్లో చర్చకొచ్చింది. ఆమెకి 11 ఉంది. డి తక్కువున్న వాళ్లలో కావర్నోమాలు ఎక్కువ ఇబ్బంది పెడుతున్నాయని షికాగో బృందమే గమనించింది. డి ఇస్తే బ్లీడ్‌లు తగ్గుతాయని ఎవరూ నిరూపించలేదు. 11 అనేది ఎముకలకే చాలదు కాబట్టి ఎలాగూ ఇచ్చాం.

పదకొండో నెలలో మళ్లీ బ్లీడ్ అయింది.

తెల్లవారుజామున వాంతులతో మొదలై, మధ్యాహ్నానికి కుడి ముఖం వంకరపోయింది, కన్ను మూతపడటం లేదు, నీళ్లు తాగితే పొలమారుతోంది, ఎడమ చేత్తో గ్లాసు పట్టుకోలేకపోతోంది. ఎంఆర్ఐలో గడ్డ 19 మిల్లీమీటర్లకి పెరిగి, లోపల తాజా రక్తం కనిపించింది. ఆ రోజు సీఆర్‌పీ 4, అంటే మామూలుగానే ఉంది. ఒక్క పేషెంట్‌తో ఏదీ రుజువు కాదు. కానీ నాలుగో నెలలో ఆ అంకె చూసి భయపడ్డ కుటుంబానికి, పదకొండో నెలలో అదే అంకె చూపిస్తే విషయం అర్థమైంది.

ఈసారి స్కాన్‌లో ఒక సంగతి మారింది. కొత్తగా కారిన రక్తం కావర్నోమాని వెనక్కి తోసి, నాలుగో వెంట్రికిల్ నేల వరకు తెచ్చింది. ఆ మూడు మిల్లీమీటర్ల అడ్డు ఇక లేదు. గడ్డ పైకి కనిపించే చోటు నుంచే లోపలికి వెళ్లొచ్చు. ఆమె కొంచెం కోలుకునేదాకా ఆగి, మూడో వారంలో మా న్యూరోసర్జన్ ఆపరేషన్ చేశారు. తల వెనక నుంచి, చిన్నమెదడు భాగాల మధ్య సందులోంచి, చిన్నమెదడుని కోయకుండా వెళ్లే దారి. ముఖ నరాన్ని నిమిషనిమిషం మానిటర్ చేశారు. పక్కనున్న ఆ పెద్ద సిరని ముట్టుకోలేదు. అది చూడటానికి జబ్బులో భాగంలా ఉన్నా, మంచి మెదడు నుంచి రక్తాన్ని తీసుకెళ్లే దారి అదే. కట్ చేస్తే పాన్స్ ఉబ్బుతుంది. ఆపరేషన్ తర్వాత వారం రోజులు మింగడం ఇంకా కష్టమైంది, ముక్కులో గొట్టంతో ఉంచాం. మూడు నెలల స్కాన్‌లో గడ్డ మిగల్లేదు. ఆరు నెలలకి ముఖం దాదాపు సరిగ్గా వచ్చింది, కన్ను మూసుకుంటోంది. డబుల్ విజన్ కొంత ఉండిపోయింది, ప్రిజం కళ్లద్దాలు వాడుతోంది. ఎడమ చెయ్యి సన్నటి పనికి తొందరగా అలిసిపోతుంది.

ఒకవేళ మొదటి బ్లీడ్ తర్వాత ఆ పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చుంటే మేం ఏం మార్చేవాళ్లం? అన్నయ్య ఇది అడిగాడు, కొంచెం బాధగా అడిగాడు. ఆలోచించి నిజాయితీగా చెప్పాను: ఆపరేషన్ ముందే చేసేవాళ్లం కాదు, ఎందుకంటే అప్పుడు సురక్షితమైన దారి లేదు. ఇవ్వడానికి మందూ లేదు. బీపీకి వాడే ప్రొప్రనలాల్ అనే మందు మీద ఇటలీలో 83 మందితో చేసిన ట్రయల్ 2023లో వచ్చింది. అది వంశపారంపర్య రకం మీద చేసింది. మందు తట్టుకోగలిగారని తేలింది గానీ బ్లీడ్‌ని ఆపుతుందని తేల్చడానికి ఆ సంఖ్య చాలలేదు. కావర్నోమా బ్లీడ్‌ని ఆపుతుందని నిరూపితమైన మందు ఈ రోజుకీ లేదు. పాజిటివ్ వచ్చుంటే స్కాన్‌లు ఇంకొంచెం దగ్గరగా చేసేవాళ్లమేమో, పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉండమనేవాళ్లమేమో. కానీ ఆమె పదకొండు నెలలూ రోజూ ఆ రిపోర్టు భయంతోనే బతికేది.

కానీ అందరి విషయం ఇలాగే ఉండదు. అదే సమయంలో మా వార్డులో ఇంకో పేషెంట్ ఉన్నారు, ఒక్కసారే బ్లీడ్ అయింది, గడ్డ మాత్రం బ్రెయిన్‌స్టెమ్ బయటి ఉపరితలానికే ఆనుకుని ఉంది. ఆయనకి ఆపరేషన్ చేయొచ్చు, ఆగొచ్చు కూడా. రెండు వైపులా బరువు సమానం. నమ్మకమైన పరీక్ష ఉంటే అలాంటి చోట త్రాసు ఒక వైపుకి మొగ్గుతుంది. రక్తపరీక్ష కోసం నేను ఎదురుచూసేది అలాంటి వాళ్ల కోసం.

ఇంకో పెద్ద ఉపయోగం ట్రయల్స్‌కి. ఏడాదికి నూటికి ఇద్దరు ముగ్గురికే బ్లీడ్ అయ్యే జబ్బులో ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే వందల మందిని ఏళ్ల తరబడి చూడాలి. బ్లీడ్ అయ్యే అవకాశం ఎక్కువున్న వాళ్లని రక్తపరీక్షతో ఏరుకోగలిగితే తక్కువ మందితో, తక్కువ కాలంలో జవాబు వస్తుంది. ఎంఆర్ఐలో గడ్డ లోపలి ఇనుముని కొలిచే పద్ధతినీ ఇదే పని కోసం తయారుచేస్తున్నారు. పేషెంట్ చేతికి రిపోర్టుగా రాకముందే ఈ పరీక్ష మందు కనిపెట్టడానికి సాయపడొచ్చు. నా దృష్టిలో అదే దీని అసలు విలువ.

ఇది చదివి, బీపీ వల్ల మెదడులో రక్తం చిట్లిన వాళ్ల ఇంట్లోవాళ్లు ఈ ప్రొటీన్ల కోసం తిరగొద్దు. ఇక్కడ చెప్పిందంతా కావర్నోమాకే. బీపీ బ్లీడ్ మళ్లీ రాకుండా చూసుకోవడానికి కావాల్సింది బీపీ కొలిచే యంత్రం. 130/80 లోపు ఉంచండి, మందు ఆపకండి. ఎన్యూరిజం, అంటే బుడగలా ఉబ్బిన రక్తనాళం, పగిలిన కేసులో మళ్లీ పగిలే ప్రమాదం మొదటి రోజే అన్నిటికన్నా ఎక్కువ. అక్కడ రక్తపరీక్ష కోసం కాదు, ఎన్యూరిజం మూయించడానికి పరుగెత్తాలి.

కావర్నోమా ఉండి, గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్న వాళ్లు భయపడి సొంతంగా మానేయొద్దు. ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో, రక్తం పలచన చేసే మందులు వాడే కావర్నోమా పేషెంట్లలో బ్లీడ్‌లు ఎక్కువగా కనిపించలేదు. డాక్టరుని అడిగాకే ఏదైనా. జ్వరం వచ్చి సీఆర్‌పీ పెరిగితే జ్వరానికి కారణం వెతకండి. కొత్తగా డబుల్ విజన్, ముఖం వంకర, మింగలేకపోవడం, ఒక వైపు బలం తగ్గడం, ఆగని వాంతులు, ఫిట్స్ వస్తే ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ఎంఆర్ఐ ఉన్న ఆసుపత్రికి రండి. వచ్చేటప్పుడు పాత స్కాన్ సీడీ తీసుకురండి. పాతది పక్కన పెట్టి చూస్తేనే గడ్డ పెరిగిందో లేదో మాకు నిమిషాల్లో తెలుస్తుంది.